కరెంటు (రేడియేషన్) అయిపోయాక మలాశయ క్యాన్సర్ ఆపరేషన్‌కి ఎన్ని వారాలు ఆగాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 61 ఏళ్లు, షుగర్ ఉంది. మలద్వారానికి 6 సెంటీమీటర్ల పైన గడ్డ. మొదటి ఎంఆర్‌ఐలో టీ3 అన్నారు, అంటే గడ్డ పేగు గోడ కండరాన్ని దాటి పాకింది; పక్కన గ్రంథులు కూడా ఉబ్బి ఉన్నాయి. 28 సిట్టింగుల రేడియేషన్, దాంతోపాటు కాపెసిటబిన్ అనే కీమో మాత్రలు అయిపోయి మూడు వారాలైంది. ఖమ్మంలో బంధువులు "కరెంటు పెట్టడం అయిపోయింది కదా, ఇంకా ఎందుకు ఆగడం, గడ్డ మళ్లీ పెరిగిపోదా" అంటున్నారు. హైదరాబాద్‌లో మీ సర్జన్ ఎనిమిది వారాలు ఆగమన్నారు. విజయవాడలో సెకండ్ ఒపీనియన్‌కి వెళ్తే పన్నెండు వారాలన్నారు. రక్తం పడటం ఆగిపోయింది కాబట్టి అసలు ఆపరేషనే అక్కర్లేదేమోనని నాన్నగారు ఆశపడుతున్నారు.

పేగు క్యాన్సర్ ఆపరేషన్లు ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్నవాడిగా ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. నాన్నగారికి ఇచ్చింది ఐదున్నర వారాలు సాగే రేడియేషన్. దానికి ఆఖరి సిట్టింగ్ నుంచి ఎనిమిది, పది వారాల మధ్య ఆపరేషన్ చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఆరు వారాల లోపు వద్దు. పన్నెండు దాటాలంటే గట్టి కారణం ఉండాలి. అమెరికా క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి ఎన్‌సీసీఎన్ మార్గదర్శకాలు 5 నుంచి 12 వారాలు అంటాయి. అంటే మీకు చెప్పిన డాక్టర్లిద్దరూ ఆ హద్దుల్లోనే ఉన్నారు, ఎవరో ఒకరు తప్పు చెప్పారని టెన్షన్ పడొద్దు. ఎనిమిదా, పన్నెండా అన్నది మాత్రం ఈరోజు ఎవరూ తేల్చలేరు. ఆరేడు వారాలు నిండాక వేలితో, కెమెరాతో, ఎంఆర్‌ఐతో చూసి, గడ్డ ఎలా స్పందించిందో తెలిశాకే తేలుతుంది.

లెక్క దగ్గర చాలామంది తికమక పడతారు. కొందరు మొదటి సిట్టింగ్ నుంచి లెక్కపెడతారు, కొందరు కాపెసిటబిన్ మాత్రలు ఆపిన రోజు నుంచి, ఇంకొందరు డిశ్చార్జ్ తేదీ నుంచి. మొదటి రోజుకీ ఆఖరి రోజుకీ మధ్యే ఐదారు వారాలుంటాయి. ఒకరు "పదిహేను వారాలు", ఇంకొకరు "పది వారాలు" అంటే ఇద్దరూ ఒకే తేదీ చెప్తూ ఉండొచ్చు. విజయవాడ డాక్టరుగారు పన్నెండు అన్నది దేని నుంచో ఫోన్ చేసి అడగండి. ఈ సమస్య అక్కడే తీరిపోయినా ఆశ్చర్యం లేదు.

ఇక అసలు ఎందుకు ఆగాలి అన్నది. రేడియేషన్ పడగానే క్యాన్సర్ కణం అక్కడికక్కడ చచ్చిపోదు. దాని లోపలి డీఎన్ఏ తెగుతుంది, కానీ కణం అలాగే బతికి ఉంటుంది. తర్వాత ఎప్పుడో రెండుగా చీలబోయినప్పుడు చీలలేక చస్తుంది. మీవైపు చేలల్లో కలుపు మందు కొట్టిన రోజు గడ్డి పచ్చగానే ఉంటుంది కదా, తర్వాత కొన్ని రోజులకు పండబారి ఎండిపోతుంది, ఇదీ అంతే. ఆఖరి సిట్టింగ్ తర్వాత కూడా వారాల తరబడి గడ్డ కరుగుతూనే ఉంటుంది. మీ బంధువులు వృథాగా పోతోంది అనుకుంటున్న సమయంలో చికిత్స లోపల ఇంకా పని చేస్తూనే ఉంది.

గడ్డ సంగతి అలా ఉంచితే, చుట్టుపక్కల మంచి కండకు కూడా రేడియేషన్ తగులుతుంది. సిట్టింగులు అయిపోయిన మొదటి రెండు మూడు వారాలు పొత్తికడుపు కింది భాగమంతా వాచి, నీరు పట్టి ఉంటుంది. ఆ సమయంలో పొట్ట తెరిస్తే ఎక్కడ పట్టుకున్నా రక్తం ఊరుతుంది, పొరలు విడిగా కనిపించవు. మలాశయం చుట్టూ ఒక కొవ్వు తొడుగు ఉంటుంది, మేం మీసోరెక్టమ్ అంటాం. క్యాన్సర్ పాకే గ్రంథులన్నీ దాంట్లోనే ఉంటాయి. ఆ తొడుగుని ఎక్కడా చిరగకుండా మొత్తంగా బయటికి తీయాలని ఇంగ్లండ్‌లో బేసింగ్‌స్టోక్ సర్జన్ బిల్ హీల్డ్ 1982లో రాశారు, అప్పటి నుంచి ఈ ఆపరేషన్ రూపమే మారిపోయింది. ఆ తొడుగుకీ వెనక ఎముకకీ మధ్య సన్నగా, తెల్లగా, నురుగు లాంటి పొర ఒకటి ఉంటుంది. సర్జన్ దారి అదే. ఆరు వారాలు దాటాక వాపు తగ్గి ఆ దారి మళ్లీ తెలుస్తుంది. పన్నెండు, పద్నాలుగు వారాలు దాటాక వాపు ఉండదు గానీ, రేడియేషన్ వల్ల కండ గట్టిపడి, ఆ పొర అక్కడక్కడా అతుక్కుపోతుంది. కత్తెర పక్కకి జారి తొడుగు చిరిగే ప్రమాదం అప్పుడు పెరుగుతుంది. మూత్రానికీ, భార్యాభర్తల సంబంధానికీ కావలసిన నరాలు కూడా ఆ పొర పక్కనుంచే పోతాయి. పురుషులకు కటి ఎముకల మధ్య జాగా ఇరుకు, కాబట్టి నాన్నగారి విషయంలో ఇది ఇంకాస్త ముఖ్యం.

అంటే రెండు గడియారాలు ఒకేసారి నడుస్తున్నాయి. ఒకటి గడ్డ కరిగేది, రెండోది కండ గట్టిపడేది. ఎక్కడ ఆపాలన్నదాని మీద ముప్పై ఏళ్లుగా వాదన నడుస్తోంది.

మొదట దీన్ని పద్ధతిగా పరీక్షించింది ఫ్రాన్స్‌లో లియాన్ వాళ్లు. 1991 నుంచి 1995 దాకా 201 మందిని తీసుకుని, రేడియేషన్ తర్వాత సగం మందికి రెండు వారాల లోపు, మిగతా సగానికి ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఆపరేషన్ చేశారు. ఆగినవాళ్లలో 26 శాతం మందికి గడ్డ బాగా తగ్గిందని పెథాలజీలో తేలింది, తొందరగా చేసినవాళ్లలో 10 శాతమే. ఆగడం వల్ల కాంప్లికేషన్లు పెరగలేదు. ప్రపంచమంతా ఆరు నుంచి ఎనిమిది వారాలు అనే మాట వాడుకలోకి వచ్చింది అక్కడి నుంచే.

ఆగితే ఇంత మేలైతే ఇంకా ఆగితే ఇంకా మేలు కదా అని సహజంగానే అనిపిస్తుంది. ఫ్రాన్స్‌లోనే గ్రెకార్ 6 అనే అధ్యయనం 265 మందితో ఏడు వారాలనీ పదకొండు వారాలనీ పోల్చింది. 2016లో ఫలితాలు వచ్చాయి. తీసిన ముక్కలో క్యాన్సర్ ఒక్క కణం కూడా మిగలనివాళ్లు ఏడు వారాల దగ్గర 15 శాతం, పదకొండు దగ్గర 17.4 శాతం. లెక్కలోకి తీసుకోదగ్గ తేడా కాదు. కాంప్లికేషన్లు మాత్రం 32 శాతం నుంచి 44.5 శాతానికి పెరిగాయి. నేను పైన చెప్పిన కొవ్వు తొడుగు పూర్తిగా, చిరగకుండా వచ్చింది ఏడు వారాల గుంపులో 90 శాతం మందికి, పదకొండు వారాల గుంపులో సుమారు 79 శాతం మందికి. మూడేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్ల సంఖ్యలో రెండు గుంపులకీ తేడా లేదు. ఒక సర్జన్‌గా నన్ను ఎక్కువ ఆపేది ఆ తొడుగు అంకెలే.

ఇంతలో ఇంగ్లండ్‌లో 237 మందితో ఆరు వారాలు, పన్నెండు వారాలు పోల్చి చూస్తే దానికి భిన్నంగా వచ్చింది. పూర్తిగా కరిగిపోయినవాళ్లు 9 శాతం నుంచి 20 శాతానికి పెరిగారు. నెదర్లాండ్స్‌లో దాదాపు 1600 మంది రికార్డులు తిరగేస్తే, చికిత్స మొదలైన రోజు నుంచి 15, 16 వారాలకు, అంటే ముగిసిన రోజు నుంచి పది పదకొండు వారాలకు, పూర్తిగా కరిగిన కేసులు ఎక్కువగా కనిపించాయి. మీ విజయవాడ డాక్టరుగారు పన్నెండు అన్నది ఇలాంటివి దృష్టిలో పెట్టుకునే అయ్యుండొచ్చు.

ఈ అంకెలు చూసి ఏ వారం కరెక్టు అని వెతికితే తల తిరుగుతుంది. నాకు ఈ గొడవలో దారి చూపించింది ఇటలీ వాళ్ల లెక్క. అక్కడ 12 ఆసుపత్రుల్లో, రేడియేషన్‌కి గడ్డ పెద్దగా లొంగని 1064 మందిని మాత్రమే తీసుకుని చూశారు. ఎనిమిది వారాల లోపు ఆపరేషన్ అయినవాళ్లలో ఐదేళ్లు బతికినవాళ్లు 80 శాతం, ఎనిమిది దాటాక అయినవాళ్లలో 67 శాతం చిల్లర. ఇది పాత రికార్డుల మీద చేసిన పని, చీట్లు వేసి గుంపులు విడదీసింది కాదు, కాబట్టి అంకెని యథాతథంగా పట్టుకోకూడదు. కానీ చెప్పే సంగతి తర్కానికి సరిపోతుంది. కరుగుతున్న గడ్డకి ఇంకాస్త సమయం ఇస్తే లాభం. మొండికేసిన గడ్డకి సమయం ఇవ్వడమంటే అది ఊపిరితిత్తులకో కాలేయానికో పాకడానికి వ్యవధి ఇచ్చినట్టే. కాబట్టి ఆరేడు వారాల దగ్గర ఒకసారి ఆగి చూడాలి. గడ్డ కదలకపోతే ఎనిమిదో వారంలోనే తీసేయాలి. బాగా కరుగుతుంటే పది, పన్నెండు దాకా ఆగడానికి అర్థం ఉంటుంది.

పరీక్షలో చూసేది ఏమిటో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఎంఆర్‌ఐ ఒక్కటి తీయించుకుని రిపోర్టు వాట్సాప్‌లో పంపి సరిపోయిందనుకుంటారు. ముందు వేలు. 6 సెంటీమీటర్ల దగ్గర గడ్డ వేలికి అందుతుంది. చికిత్సకు ముందు పరీక్ష చేసినప్పుడు అంచులు పైకి లేచి, గరుగ్గా, గట్టిగా, మధ్యలో గుంట పడ్డ పుండులా తగిలుంటుంది. బాగా స్పందిస్తే అదే చోట గోడ నున్నగా ఉంటుంది, కాస్త బిగుసుకున్నట్టు తెలుస్తుంది అంతే. అందుకే మొదట చూసిన డాక్టరే రెండోసారీ వేలు పెట్టి చూడటం ముఖ్యం. ఆ తేడా ఏ రిపోర్టులోనూ రాదు. తర్వాత కెమెరా. పుండు పోయి తెల్లని మచ్చ, దాని మీద సన్నని ఎర్రటి రక్తనాళాల గీతలు కనిపిస్తే మంచి లక్షణం. చిన్న పుండైనా, బుడిపె అయినా మిగిలితే అనుమానించాల్సిందే. బయాప్సీలో ఏమీ లేదని వచ్చినా సంబరపడకూడదు. క్యాన్సర్ కణాలు పైపొరలో చచ్చిపోయి లోపల కండరంలో దాక్కుని ఉండొచ్చు, పైనుంచి గిల్లిన ముక్కకి అవి దొరకవు.

ఎంఆర్‌ఐలో రేడియేషన్ మచ్చ నల్లగా, మిగిలిన గడ్డ బూడిద రంగులో కనిపిస్తుంది. వినడానికి తేలికే గానీ, రెండూ కలిసి ఉన్నప్పుడు ఎంత అనుభవం ఉన్న రేడియాలజిస్టుకైనా చెప్పడం కష్టం. వీలైతే మొదటిసారి తీయించిన సెంటర్‌లోనే, అదే పద్ధతిలో తీయించండి, పాత సీడీ వెంట తీసుకెళ్లండి. మలాశయానికి విడిగా చేసే ప్రొటోకాల్, డిఫ్యూజన్‌తో సహా కావాలని చీటీ మీద రాయించుకోండి. పొట్ట మొత్తానికి మామూలుగా తీసే ఎంఆర్‌ఐతో ఈ పని జరగదు. దాంతోపాటు ఛాతీకి, పొట్టకి సీటీ తీసి క్యాన్సర్ వేరే చోటికి పోలేదని చూసుకోవాలి. పెట్ స్కాన్ ప్రతి ఒక్కరికీ అక్కర్లేదు.

బయాప్సీ రిపోర్టు ఇంకోసారి తీసి చూడండి. సిగ్నెట్ రింగ్ అనే మాట ఉంటే మీ సర్జన్‌కి గుర్తు చేయండి. మన దేశంలో చిన్న వయసులో వచ్చే మలాశయ క్యాన్సర్లలో ఈ రకం తరచూ కనిపిస్తుంది, రేడియేషన్‌కి సరిగా లొంగదు. అలాంటివాళ్లని నేను ఎక్కువ వారాలు ఆపను. గడ్డ కణాల్లో డీఎన్ఏ తప్పుల్ని సరిదిద్దే వ్యవస్థ లోపించిందా అని చూసే ఎంఎంఆర్ పరీక్ష చేశారో లేదో కూడా అడగండి. ఆ లోపం ఉన్నవాళ్లు నూటికి ఐదు పది మందే. కానీ వాళ్లకి ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ని చంపించే మందు) ఎంత బాగా పని చేస్తుందో 2022లో న్యూయార్క్ మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి చూపించింది. డోస్టార్లిమాబ్ అనే మందుతో మొదటి 12 మందిలో 12 మందికీ గడ్డ కనిపించకుండా పోయింది.

ఇక నాన్నగారి ఆశ గురించి. రక్తం ఆగిందంటే పైన పుండు మానిందని అర్థం. అది మంచి కబురే, కానీ గడ్డ పోయిందని కాదు. ఈ తరహా చికిత్స తర్వాత పూర్తిగా కరిగిపోయేది సుమారు నూటికి పదిహేను మందికి. మిగతా ఎనభై ఐదు మందిలో ఎక్కువమందికి కూడా రక్తం ఆగుతుంది, మోషన్ సాఫీగా అవుతుంది, ఆకలి తిరిగి వస్తుంది. సరిగ్గా ఈ దశలోనే "బాగానే ఉన్నాను కదా" అని ఆసుపత్రికి రావడం మానేసేవాళ్లు ప్రతి ఏడాదీ కొందరుంటారు. ఏడాది తర్వాత పేగు మూసుకుపోయి వస్తారు. అప్పుడు చేయగలిగేది తక్కువ.

నిజంగానే వేలికీ, కెమెరాకీ, ఎంఆర్‌ఐకీ మూడింటికీ ఏమీ దొరక్కపోతే ఆపరేషన్ వాయిదా వేసి కనిపెట్టుకుని ఉండే దారి ఒకటుంది. బ్రెజిల్‌లో సావో పాలో సర్జన్ ఆంజెలీటా హాబ్ర్ గామా దీన్ని మొదలుపెట్టారు. 2004లో ఆమె ఫలితాలు ప్రచురించినప్పుడు చాలామంది సర్జన్లు ఒప్పుకోలేదు. ఇప్పుడు పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులన్నీ, సరైన రోగికి, ఈ దారి గురించి చెప్తున్నాయి. అలా ఆగిన 880 మంది వివరాలు 2018లో లాన్సెట్‌లో వచ్చాయి. రెండేళ్లలో నలుగురిలో ఒకరికి గడ్డ అదే చోట తిరిగి వచ్చింది, దాదాపు అందరికీ పేగు గోడలోనే, మళ్లీ ఆపరేషన్ చేయగలిగే చోట. అందుకే ఈ దారి ఎంచుకున్నవాళ్లు మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి వేలి పరీక్ష, కెమెరా, ఎంఆర్‌ఐ తప్పకుండా చేయించుకోవాలి. ఖమ్మం నుంచి హైదరాబాద్‌కి అన్నిసార్లు రావడం, ఆ ఖర్చు, ఆ ఓపిక మీకుంటాయా అన్నది ముందే ఆలోచించుకోండి. రాలేమనుకుంటే ఆపరేషనే మేలని నేను మొహమాటం లేకుండా చెప్తాను. 6 సెంటీమీటర్ల దగ్గర గడ్డకి మామూలుగా మలద్వారం కాపాడి పేగు కలపగలం కాబట్టి ఆపరేషన్ వల్ల నాన్నగారు పోగొట్టుకునేది, మరీ కింద ఉన్నవాళ్లతో పోలిస్తే, తక్కువ.

పైన చెప్పిందంతా నాన్నగారికి ఇచ్చిన పద్ధతికే. మీ పక్క బెడ్ ఆయనకి వేరే తేదీ చెప్పారంటే ఆయన చికిత్సే వేరై ఉండొచ్చు. ఐదు రోజుల్లో ఐదు సిట్టింగులు, ఒక్కోసారి 5 గ్రే (రేడియేషన్ డోసు కొలత) చొప్పున ఇచ్చే పద్ధతి ఒకటుంది. కోవిడ్ వచ్చినప్పుడు చాలా ఆసుపత్రులు దానికి మారాయి. దాంట్లో వారం లోపే ఆపరేషన్ చేసేయొచ్చు, లేదా నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగొచ్చు. మధ్యలో మాత్రం కత్తి పెట్టకూడదు, అప్పుడు వాపు ముమ్మరంగా ఉంటుంది. స్వీడన్‌లో 840 మందితో చేసిన స్టాక్‌హోమ్ 3 అధ్యయనంలో ఆగినవాళ్లకి క్యాన్సర్ విషయంలో నష్టం జరగలేదు, ఆపరేషన్ తర్వాతి కాంప్లికేషన్లు 53 శాతం నుంచి 41కి తగ్గాయి.

ఇంకొందరికి రేడియేషన్‌తో పాటు మూడు నాలుగు నెలల కీమో సెలైన్ కూడా ఆపరేషన్‌కి ముందే ఇచ్చేస్తున్నారు. రేడియేషన్ ముందు, కీమో తర్వాత అయితే రేడియేషన్‌కీ ఆపరేషన్‌కీ మధ్య ఐదు నెలలు దాటిపోవచ్చు. అక్కడ వారాలు లెక్కపెట్టేది ఆఖరి కీమో నుంచి. రాపిడో అనే పెద్ద అధ్యయనంలో ఇలా చేసి, కీమో అయ్యాక రెండు నుంచి నాలుగు వారాలకు ఆపరేషన్ చేశారు. పూర్తిగా కరిగినవాళ్లు 14 శాతం నుంచి 28 శాతానికి రెట్టింపయ్యారు. కానీ ఐదేళ్ల తర్వాత చూస్తే అదే చోట క్యాన్సర్ తిరిగి వచ్చినవాళ్లు 6 శాతం బదులు 10 శాతం ఉన్నారు. నాన్నగారికి గడ్డ సగం తగ్గి, ఇంకా తగ్గేలా ఉంటే మీ డాక్టర్లు ఈ కీమో గురించి ఎత్తొచ్చు. ఎత్తితే భయపడకండి. మధ్యలో ఏ మందూ లేకుండా ఊరికే పన్నెండు వారాలు ఆగడం కంటే ఆ సమయాన్ని కీమోకి వాడుకోవడం నాకూ సబబే అనిపిస్తుంది.

ఆలస్యాలకు కారణాలు ఎక్కువగా ఇంట్లోనే ఉంటాయి. మూఢం, ఆషాఢం, ఇంట్లో పెళ్లి, కోతలు. నేను వాదించను. ఎనిమిదో వారం నుంచి పదో వారం చివరి దాకా ఇరవై రోజులు చేతిలో ఉంటాయి, పంతులుగారిని అడిగి దాంట్లో మంచి రోజు చూసుకోండి, నేనూ ఆపరేషన్ లిస్టులో సర్దుతాను. మూఢం రెండు నెలలుంటే మాత్రం దాని కోసం ఆపొద్దు. గుండె స్టెంట్, అదుపులో లేని షుగర్, తగ్గని విరేచనాల లాంటి నిజమైన అడ్డంకి వచ్చి పద్నాలుగు వారాలైపోయినా ఆపరేషన్ చేతులు దాటిపోయినట్టు కాదు. కాస్త కష్టమవుతుంది, చేస్తాం. కానీ మళ్లీ ఎంఆర్‌ఐ, సీటీ తీయాలి, పాతవి పనికిరావు.

ఆరోగ్యశ్రీ మీద అయితే ప్రీ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) రావాలి కాబట్టి రిపోర్టులన్నీ ఏడో వారం చివరికల్లా చేతిలో ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎంఆర్‌ఐ డేట్ దొరకడానికే రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఆరో వారంలో వెళ్లి డేట్ అడిగితే తొమ్మిదో వారంలో ఇస్తారు, అక్కడికే సమయం అయిపోతుంది. ఇప్పుడు మూడో వారం, ఇప్పుడే అడగండి.

ఈ ఐదారు వారాలు నాన్నగారు మంచం మీద పడుకుని గడపకూడదు. రోజూ పొద్దున, సాయంత్రం అరగంట చొప్పున నడవాలి, ఊపిరి కాస్త వేగం అందుకునేలా. బీడీ, సిగరెట్, ఖైనీ ఏది ఉన్నా ఈరోజే ఆపాలి. ఆపరేషన్‌కి నాలుగు వారాల ముందే ఆపితే ఊపిరితిత్తులకీ, పేగు అతుకు మానడానికీ రెండింటికీ మేలు. హిమోగ్లోబిన్ చూపించండి. తక్కువుంటే ఐరన్ మాత్రలతో కడుపు పాడుచేసుకునే బదులు ఇంజక్షన్ ఐరన్ గురించి అడగండి, ఈ వ్యవధిలో అది సరిపోతుంది. షుగర్ మూడు నెలల సగటు పరీక్ష చేయించి, అవసరమైతే ఇన్సులిన్‌కి మారాలి. గుడ్లు, చేపలు, పప్పు రోజూ తినాలి. క్యాన్సర్ వచ్చిందని గంజీ, ఇడ్లీల మీదే ఉంచేస్తుంటారు చాలా ఇళ్లలో. అలా చిక్కిపోయిన మనిషికి అతుకు నిలవదు. పసరు మందులు, పొడులు ఎవరు తెచ్చినా ఈ రెండు నెలలు వద్దు, లివర్ పరీక్షలు పాడైతే ఆపరేషన్ వెనక్కి పోతుంది.

మలద్వారం దగ్గర చర్మం ఇంకా మండుతుంటే గోరువెచ్చని నీళ్ల టబ్బులో పది నిమిషాలు కూర్చోమనండి, తర్వాత రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దాలి.

మలం పట్టే సంచి గురించి ముందే మాట్లాడుకోండి, ఆపరేషన్ ముందు రోజు రాత్రి కాదు. రేడియేషన్ పడ్డాక ఇంత కింద పేగు కలిపినప్పుడు అతుకు మానేదాకా పొట్టకి తాత్కాలికంగా సంచి పెట్టడం మామూలే. కొన్ని నెలల తర్వాత చిన్న ఆపరేషన్‌తో తీసేస్తారు. సంచి వచ్చే చోటుని ముందే పెన్నుతో గుర్తు పెట్టాలి. నిలబెట్టి, కూర్చోబెట్టి, వంగమని మూడు రకాలుగా చూసి పెట్టాలి. నాన్నగారు పంచె గానీ లుంగీ గానీ కడితే దాన్ని కట్టుకునే వెళ్లమనండి. ముడి పడే చోట, మడత పడే చోట సంచి పెడితే రోజూ ఊడుతుంది, కారుతుంది, చర్మం పాసిపోతుంది. ప్యాంటు వేసుకుని వెళ్లి గుర్తు పెట్టించుకుని, ఇంటికొచ్చాక పంచె కట్టుకునేవాళ్లకి ఈ బాధ ఎక్కువ.

ఆగమన్నారు కదా అని ఆగకూడని సందర్భాలు కొన్నున్నాయి. పొట్ట ఉబ్బి గ్యాస్ కూడా పోకపోతే, వాంతులవుతుంటే, ఆగిన రక్తం మళ్లీ గడ్డలు గడ్డలుగా పడితే, చలిజ్వరం వస్తే, మూత్రంలో గాలి బుడగలో మలమో కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఏడో వారం అపాయింట్‌మెంట్ దాకా చూడొద్దు.

ఫైల్‌లో రేడియేషన్ సమ్మరీ అని ఒక కాగితం ఉంటుంది. దాని మీద మొత్తం డోసు, 50.4 గ్రే అయ్యుండొచ్చు, ఆఖరి సిట్టింగ్ తేదీ ఉంటాయి. ఆ తేదీకి సరిగ్గా 42 రోజులు కలిపి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఎంఆర్‌ఐ ఆ తేదీ తర్వాత వారం లోపల పడేలా, మీ సర్జన్ వేలి పరీక్ష కూడా అదే వారంలో ఉండేలా రేపే రెండు ఫోన్లు చేయండి. రిపోర్టు వచ్చాక మొదటి ఎంఆర్‌ఐ రిపోర్టుతో కలిపి రాస్తే, ఎనిమిదో వారమా, ఇంకాస్త ఆగొచ్చా అన్నది అప్పుడు సూటిగా చెప్పగలను.